అరకలిప్పే వేళ ఎన్ని గంటలు? సుప్రీంకోర్టు జడ్జీల నేపథ్యం గురించి ఒక జవాబు

నెల్లూరులో లా రెండో ఏడు చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న: "సుప్రీంకోర్టులో అన్ని కులాల వాళ్ళూ, ఆడవాళ్ళూ, పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళూ ఉండాలంటారు. చట్టం అందరికీ ఒకటే కదా, జడ్జి ఎవరైతే ఏంటి? మెరిట్ చూడాలి గానీ పుట్టుక ఎందుకు చూడాలి? అసలు మాలాంటి వాళ్ళకు అక్కడిదాకా దారి ఉందా?"

తమ్ముడూ, నేను కందుకూరులో ప్రాక్టీసు పెట్టి ముప్పై రెండేళ్ళయింది. సివిల్, క్రిమినల్, యాక్సిడెంట్ కేసులు అన్నీ చూస్తాను. పని పడితే ఒంగోలుకీ నెల్లూరుకీ తిరుగుతుంటాను. సుప్రీంకోర్టుకు వెళ్ళింది మాత్రం నాలుగుసార్లే. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రులు ప్రయాణం చేసి, అక్కడి లాయరు పక్కన కూర్చుని కేసు వివరాలు అందించాను. నువ్వు అడిగిన "జడ్జి ఎవరైతే ఏంటి" అన్న మాట నేనూ నీ వయసులో అన్నవాణ్ణే. నా అభిప్రాయం మారింది ఇక్కడి సాక్షి బోను దగ్గర.

ప్రాక్టీసు మొదలుపెట్టిన నాలుగో ఏడు అనుకుంటా. పొలం గట్టు తగాదా, తలలు పగిలాయి. మేము ముద్దాయిల తరఫు. కూలికి వెళ్ళే ఒక పెద్దావిడ సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. గొడవ ఎన్నింటికి జరిగిందమ్మా అంటే "అరకలిప్పే యాళ" అంది. ఎఫ్ఐఆర్‌లో ఉదయం పదకొండు అని ఉంది. మా సీనియరు గారు క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, దాన్ని పట్టుకున్నారు. పని అయిపోయాక కదా అరకలు విప్పేది, అంటే సాయంత్రం, అంటే ఈమె అక్కడ లేదు, అబద్ధం చెబుతోంది. ఆవిడ బిత్తరపోయి, "ఇప్పేది ఇప్పేటప్పుడే గదయ్యా" అంటుంది తప్ప గంటల్లో చెప్పలేకపోతోంది. జడ్జి గారు రాస్తున్న పెన్ను పక్కన పెట్టారు. "అమ్మా, అది వేసవి దుక్కులా?" అని అడిగారు. "అవునయ్యా, రోణి కార్తె ముందర" అంది. ఎండాకాలం ఎడ్లను తెల్లవారకముందే కట్టి, ఎండ ముదరకముందే విప్పేస్తారు, పది పదకొండు దాటితే అవి నిలబడలేవు. ఆయన "సుమారు ఉదయం పదకొండు గంటలకు" అని రాయించి, కొనసాగించండి అన్నారు. మా క్రాస్ అక్కడితో కూలిపోయింది. తర్వాత తెలిసింది, ఆ జడ్జి గారిది సీమలో వ్యవసాయ కుటుంబం.

ఆయన ఆవిడ మీద జాలి పడలేదు. ఆవిడ కులం ఆయనకు తెలియదు. ఒక్క విషయం తెలుసు గనక ఒక్క ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్న అడగని కోర్టులో అదే మాట "సాయంత్రం" అని రికార్డయ్యేది. ఒకసారి అలా రికార్డయ్యాక హైకోర్టులోనైనా సుప్రీంకోర్టులోనైనా దాన్ని సరిచేసేవారు ఉండరు. పై కోర్టులో సాక్షి ముఖం కనిపించదు, కాగితమే కనిపిస్తుంది, అదీ ఇంగ్లీషులో. జడ్జీల నేపథ్యం గురించి నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నేపథ్యం తీర్పులో కంటే ముందు, అడిగే ప్రశ్నలో కనబడుతుంది.

సుప్రీంకోర్టు జడ్జీలకు ఈ అవసరం ఇంకా ఎక్కువ. వాళ్ళ దగ్గరికి వచ్చే అప్పీళ్ళలో చాలా, "ఆ పరిస్థితిలో మామూలు మనిషి ఎలా నడుచుకుంటాడు" అన్న దాని మీదే తేలతాయి. ఎవరి మామూలు? 1978లో ఒక కేసు వచ్చింది. మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లోనే ఒక గిరిజన బాలిక మీద అత్యాచారం జరిగింది. ఒంటి మీద గాయాలు లేవు, కేకలు వేయలేదు కాబట్టి సమ్మతి ఉన్నట్టే అని సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. రాత్రి వేళ, పోలీస్ స్టేషన్, ఎదురుగా యూనిఫాం. ఆ పిల్ల కేక వేస్తే వినేదెవరు? ఆ ప్రశ్న బెంచి మీద ఎవరికీ తట్టలేదు. మరుసటి ఏడాది నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు కోర్టుకు బహిరంగ లేఖ రాశారు, దేశమంతా మహిళలు రోడ్ల మీదకొచ్చారు, 1983లో చట్టమే మార్చాల్సి వచ్చింది. ఆ తీర్పు వచ్చేనాటికి సుప్రీంకోర్టు పెట్టి ఇరవై ఎనిమిదేళ్ళు. అప్పటికి ఒక్క మహిళ కూడా అక్కడ జడ్జి కాలేదు.

మొదటి మహిళ ఫాతిమా బీవీ గారు, 1989లో వచ్చారు. కేరళలో 1958లో మున్సిఫ్‌గా, అంటే కింది కోర్టు జడ్జిగా, మొదలైన మనిషి ఆమె. కోర్టు 1950 జనవరి 28న మొదలైంది, అంటే ముప్పై తొమ్మిదేళ్ళు పట్టింది. 2021 దాకా లెక్క వేస్తే మొత్తం పదకొండు మందే మహిళలు. అందులో ముగ్గురు 2021 ఆగస్టు 31న ఒకే రోజు ప్రమాణం చేశారు. అప్పుడు చీఫ్ జస్టిస్ అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్ళిన ఎన్.వి.రమణ గారు. ఆ ముగ్గురిలో నాగరత్న గారు, సీనియారిటీ వరస తప్పకపోతే, 2027 సెప్టెంబరులో మొదటి మహిళా చీఫ్ జస్టిస్ అవుతారు. ఆ పదవిలో ఉండేది నెల పైన కొన్ని రోజులు.

రమణ గారి పేరు వచ్చింది గనక, మాలాంటి యాక్సిడెంట్ కేసుల ప్లీడర్లకు చాలా దగ్గరైన ఒక తీర్పు చెబుతాను. అంతకుముందు నా అనుభవం ఒకటి వినాలి.

మా హైవే మీద లారీ గుద్ది ఒకామె చనిపోయింది. ఇద్దరు పిల్లలు. నష్టపరిహారం కోసం భర్త పిటిషన్ వేశాడు. బోనులో ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు అడిగాడు, "నీ భార్య ఏం పని చేసేది?" అతను అమాయకంగా, "పనేం లేదు సార్, ఇంట్లోనే ఉండేది" అన్నాడు. అతనికి నేను ముందు చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు వాళ్ళ ఊరు వెళ్ళాను. కొట్టంలో రెండు గేదెలు. పాల కేంద్రం కార్డు ఆమె పేరు మీద ఉంది, రెండు పూటలా లీటర్ల లెక్క. సీజన్‌లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర కర్రలకు పచ్చాకు కట్టే పనికి వెళ్ళేది. కార్డు పట్టుకుని భర్తను మళ్ళీ విచారించడానికి పిటిషన్ వేశాను. ఆ రోజు సీట్లో మహిళా జడ్జి ఉన్నారు. ఆమె నేరుగా అడిగారు: "పొద్దున ఎన్నింటికి లేచేది? పాలు ఎవరు పితికేవారు? ఇప్పుడు ఆ గేదెలు ఏమయ్యాయి?" అతను తల దించుకుని "అమ్మేశానమ్మా, చూసేవాళ్ళు లేరు" అన్నాడు. కోర్టు హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మోటారు వాహనాల చట్టం రెండో షెడ్యూల్లో చాలాకాలం సంపాదన లేని మనిషి ఆదాయం ఏడాదికి 15,000 రూపాయలు అని ఉండేది. భార్య అయితే భర్త సంపాదనలో మూడోవంతు. ఆ లెక్క మీద మేము ఎన్నేళ్ళు కొట్లాడామో చెప్పలేను. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఒక కేసులో తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో 2014లో రెండు చక్రాల బండి మీద పోతున్న భార్యాభర్తలు ఇద్దరూ కారు గుద్ది చనిపోయిన కేసు. అందులో రమణ గారు విడిగా కొన్ని పేజీలు రాశారు. ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని ప్రభుత్వ సర్వే లెక్క చూపించారు. అక్కడితో ఆగలేదు. పల్లెల్లో ఇల్లాలు నాట్లకూ కోతలకూ వెళ్తుంది, పశువులను చూసుకుంటుంది అని కూడా రాశారు. ఆ వాక్యం చదవగానే నాకు ఆ పాల కార్డు గుర్తొచ్చింది. ఆ బెంచిలో ఉన్న మరొక జడ్జి సూర్యకాంత్ గారిది కూడా పల్లెటూరే, హర్యానాలో పేట్వార్. ఆ మాట రాయాలంటే పల్లెలోనే పుట్టాలని లేదు. కానీ పల్లె చూడని ముగ్గురు కూర్చుని ఉంటే ఆ వాక్యం అంత సులువుగా వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక్కడ నీకు అనుమానం వస్తుంది. అలాగైతే ఆడ జడ్జి ఆడవాళ్ళ వైపు, దళిత జడ్జి దళితుల వైపు తీర్పు చెబుతారా? చెప్పరు. చెప్పకూడదు కూడా. 2018లో శబరిమల కేసులో అయిదుగురు జడ్జీలు కూర్చుంటే నలుగురు మగ జడ్జీలు ఆలయంలోకి అన్ని వయసుల ఆడవాళ్ళనూ రానివ్వాలన్నారు. ఒక్కరే వ్యతిరేకించారు. ఆ ఒక్కరు ఇందు మల్హోత్రా గారు, బెంచి మీద ఉన్న ఏకైక మహిళ. నేను ఆమె తీర్పుతో ఏకీభవించను. అయినా భక్తుల వైపు నుంచి ఆ వాదన అంత శ్రద్ధగా రికార్డు మీదకు రావడం మంచిదే అనుకుంటాను.

ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీల రిజర్వేషన్‌ను వాళ్ళలోని కులాల వారీగా పంచడం, ఆ సంగతి ఇంకా చెప్పుకోవాలి. అది మన ప్రకాశం జిల్లా గడ్డ మీద పుట్టిన తగువు. 1994 జులై 7న ఈదుముడిలో వర్గీకరణ కోసం మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. నేను అప్పుడు కొత్తగా నల్లకోటు వేసుకున్న కుర్రాణ్ణి. ఆ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద ఊరూరా తిరగడం నాకు బాగా గుర్తు. 2000లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది, 2004లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. ఎస్సీలంతా ఒకే వర్గం, అందులో మళ్ళీ భాగాలు చేయడానికి వీల్లేదు అన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు జడ్జీలు ఆ తీర్పును తిప్పేశారు. ఆ ఏడుగురిలో బి.ఆర్.గవాయి గారు ఒక్కరే దళితుడు. ఆయన వర్గీకరణను ఒప్పుకోవడమే కాదు, ఇంకో అడుగు వేశారు. రిజర్వేషన్‌తో పెద్ద హోదాకు వెళ్ళినవారి పిల్లలనూ, ఊళ్ళో కాయకష్టం చేసేవారి పిల్లలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని రాశారు. ఆ మాట మీద ఆయన సొంత సమాజంలోనే చాలామందికి కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆ మాట బయటి జడ్జీలు మాత్రమే అని ఉంటే దానికి అంత బరువు ఉండేది కాదు. ఇంటి లోపలి తేడాలు ఇంట్లోవాళ్ళకే తెలుస్తాయి. ఆ బెంచిలో వర్గీకరణ కుదరదన్న ఒకే ఒక్కరు బేలా త్రివేది గారు, మహిళ. పుట్టుకను బట్టి తీర్పు ఊహించవచ్చు అనుకునేవాళ్ళకు ఈ కేసు ఒక్కటి చదివిస్తే చాలు.

అమెరికాలో 1967లో మొదటి నల్లజాతి జడ్జిగా థర్‌గుడ్ మార్షల్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆయనతో కలిసి పనిచేసిన సాండ్రా డే ఓకానర్ అక్కడి మొదటి మహిళా జడ్జి, చాలా విషయాల్లో ఆయనతో విభేదించిన మనిషి. ఆయన రిటైరయ్యాక ఆమె ఒక వ్యాసం రాశారు. చర్చలకు కూర్చున్నప్పుడు ఆయన చెప్పిన జీవితానుభవాలు తన ఆలోచన మీద ఎంత ప్రభావం చూపాయో అందులో చెప్పారు. అంటే బెంచి మీద ఒక కొత్త మనిషి కూర్చుంటే పక్కవాళ్ళ చూపు కూడా మారుతుంది.

ఎవరూ లేనప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడు. బ్రిటిషు వాళ్ళ కాలంలో మన కావలిలో నేరస్థ తెగల సెటిల్‌మెంట్ ఉండేది. ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి అందులో ఉంచారు. ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారు. కానీ చాలా రాష్ట్రాల జైలు నిబంధనల్లో ఆ ముద్ర అలాగే ఉండిపోయింది. ఫలానా కులం ఖైదీకి వంటపని, ఫలానా కులానికి పాయిఖానాలు ఊడ్చే పని అని కూడా రాసి ఉండేది. 2024 అక్టోబరు 3న గానీ సుప్రీంకోర్టు వాటిని కొట్టేయలేదు. అదీ ఒక జర్నలిస్టు జైళ్ళ మీద కథనాలు రాసి, తనే పిటిషన్ వేస్తే. ఆ నిబంధనలను ఎవరూ దాచలేదు. ప్రతి జైలు ఆఫీసులో బీరువాలో ఉన్న పుస్తకాలే. ఆ పేజీ తిప్పాల్సిన అవసరం పడినవాళ్ళు పై కుర్చీల్లో లేరు. నా సర్వీసులో యానాది కుటుంబం నుంచి వచ్చిన లాయరును ఒక్కరినే చూశాను. అతను కూడా నాలుగేళ్ళకు కోటు విప్పేసి టీచరు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.

మెరిట్ గురించి అడిగావు. సుప్రీంకోర్టు జడ్జి పదవికి పరీక్ష లేదు, మార్కులు లేవు. రాజ్యాంగం 124వ అధికరణం అడిగేది హైకోర్టు జడ్జిగా అయిదేళ్ళు, లేదా హైకోర్టు లాయరుగా పదేళ్ళు, లేదా ప్రముఖ న్యాయ పండితుడై ఉండడం. ఈ మూడో దారిలో ఇంతవరకు ఒక్కరినీ తీసుకోలేదు. రిజర్వేషన్ లేదు. 1993 తీర్పు నుంచి జడ్జీలను ఎంపిక చేసేది జడ్జీలే, కొలీజియం. దాని బదులు పార్లమెంటు తెచ్చిన జడ్జీల నియామక కమిషన్‌ను 2015లో కోర్టు కొట్టేసింది. అప్పుడు ఒంటరిగా విభేదించింది మన జాస్తి చలమేశ్వర్ గారే. అయిదుగురు సీనియర్లు తమకు కనిపించినవాళ్ళలోంచి ఎంచుతారు. కనిపించాలంటే ముందు హైకోర్టులో నిలబడి ఉండాలి. 2018 తర్వాత నియమితులైన హైకోర్టు జడ్జీల్లో నాలుగింట మూడు వంతుల మంది జనరల్ కేటగిరీ వాళ్ళు, ఎస్సీలు నూటికి నలుగురు కూడా లేరు. 2010 మేలో చీఫ్ జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ రిటైరయ్యాక 2019 మేలో గవాయి గారు వచ్చేదాకా తొమ్మిదేళ్ళు సుప్రీంకోర్టులో దళిత జడ్జే లేరు. ఆ తొమ్మిదేళ్ళలో దేశం మొత్తం మీద మెరిట్ ఉన్న దళిత న్యాయవాది ఒక్కరూ లేరని నువ్వు నమ్ముతావా? నేను నమ్మను. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన కె.రామస్వామి గారు అంతకు చాలా ముందే అక్కడ కూర్చున్నారు. 1997లో సమత కేసులో ఏజెన్సీ భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వడానికి వీల్లేదని తీర్పు రాసింది ఆయనే.

అసలు అడ్డం కొలీజియం గదిలో కంటే ముందే పడుతుంది. మన బార్ అసోసియేషన్‌లో చూస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి మూడు నాలుగేళ్ళు చేతికి ఏమీ రాదు. సీనియరు ఇచ్చేది బస్సు చార్జీలకు సరిపోతే గొప్ప. తండ్రి లాయరైతే ఆఫీసు, పుస్తకాలు, గుమాస్తా, కక్షిదారులు అన్నీ సిద్ధం. కూలివాళ్ళ పిల్ల అయితే రెండో ఏడు తిరగకముందే ఇంట్లో "ఇంక చాల్లేమ్మా, ఏదైనా ఉద్యోగం చూసుకో" అంటారు. ఆడపిల్లలైతే పెళ్ళి, కాన్పు, అక్కడే గ్యాప్. ఇక్కడ రాలిపోయినవాళ్ళ పేర్లు ఏ కొలీజియం ముందుకూ వెళ్ళవు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం జూనియర్లకు మొదటి మూడేళ్ళు నెలకు 5,000 ఇచ్చే పథకం పెట్టినప్పుడు, మా బార్‌లో ఇద్దరు అమ్మాయిలు ఆ డబ్బుతోనే రూము అద్దె కట్టుకుని నిలబడ్డారు. నా కళ్ళముందు జరిగిన సంగతి.

జడ్జిగానే కింద నుంచి మొదలైనా చిక్కే. జూనియర్ సివిల్ జడ్జిగా చేరినవాళ్ళు మెట్టు మెట్టు ఎక్కి హైకోర్టుకు చేరేసరికి యాభై ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. హైకోర్టులో రిటైర్మెంట్ అరవై రెండు. ఇంక సుప్రీంకోర్టు ఎక్కడ? వేల మంది సాక్షులను ఎదురుగా చూసినవాళ్ళు పైకి చేరేది అరుదు. ఈ విషయంలో 2025లో రెండు తీర్పులు వచ్చాయి, నువ్వు తప్పక చదువు. మే నెలలో, సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్నారు. అనుభవం మంచిదే, కానీ చేతిలో డబ్బు లేని పిల్లలకు ఆ మూడేళ్ళు ఎవరు పెట్టుకుంటారన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు అదే బాధ. అక్టోబరులో ఇంకో తీర్పు వచ్చింది. సర్వీసులో ఉన్న జడ్జీలు, లాయరుగానూ జడ్జిగానూ కలిపి ఏడేళ్ళుంటే నేరుగా జిల్లా జడ్జి పోస్టులకు పోటీ పడవచ్చన్నారు. ఇది మంచి మార్పు. ముప్పై అయిదు, నలభై ఏళ్ళకే జిల్లా జడ్జి అయితే పైకి వెళ్ళడానికి టైమ్ మిగులుతుంది.

నీ చివరి ప్రశ్న, దారి ఉందా అన్నది. ఒంగోలులో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివిస్తే టంగుటూరి ప్రకాశం గారు ప్లీడరై, బారిస్టరై, ముఖ్యమంత్రి అయ్యారు. నెల్లూరు జిల్లా పల్లెలో గుడి పూజారి కొడుకు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు రాజ్యాంగం రాసిన డ్రాఫ్టింగ్ కమిటీలో ఒకరు. ఇద్దరూ చదువు దొరికిన కులంలో పుట్టినవాళ్ళే, ఆ మాట దాచకూడదు. అయినా డబ్బు లేని ఇళ్ళు. సూర్యకాంత్ గారు 1984లో హిసార్ జిల్లా కోర్టులో మొదలుపెట్టి, మరుసటి ఏడాదే చండీగఢ్ హైకోర్టుకు మారారు. 2025 నవంబరులో చీఫ్ జస్టిస్ అయ్యారు. మారకపోతే మనకు ఆయన పేరు తెలిసేది కాదేమో. నువ్వూ ఎప్పటికైనా అమరావతిలో మన హైకోర్టుకు మారాల్సిందే. కాకపోతే ముందు రెండేళ్ళయినా ట్రయల్ కోర్టులో ఉండు, బోనులో మనిషిని చూడు.

సెలవుల్లో రావాలనిపిస్తే కందుకూరు రా. పొద్దున పదిన్నరకు కాజ్ లిస్ట్, అంటే ఆ రోజు కేసుల జాబితా, పిలుస్తారు. మా ఆఫీసులో ఇప్పుడొక అమ్మాయి జూనియరుగా ఉంది, వాళ్ళ నాన్న ఉప్పు కొఠారులో కూలి. మొన్న ఒక సాక్షి "జాము పొద్దెక్కాక" అంటే, ఎదుటి లాయరు లేవకముందే ఆ అమ్మాయి నా చెవిలో "తొమ్మిది దాటాక సార్" అంది.